"ఏమన్న తిన్నవా?" అని అడిగిన మంగళవారం

కరోనా రెండు విడతలూ దాటి, వాయిదా పడిన ఆపరేషన్లన్నీ ఆసుపత్రుల్లో మళ్లీ మొదలైన సంవత్సరం అది. మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నాది. సర్జికల్ వార్డంటే ఆపరేషన్‌కు ముందు రోగిని సిద్ధం చేసి పైకి పంపడం, కిందికి వచ్చాక కోలుకునేదాకా చూసుకోవడం. రెండో అంతస్తులో మా వార్డు, నాలుగో అంతస్తులో ఆపరేషన్ థియేటర్. మధ్యలో ఒక లిఫ్టు ఉండేది. అది ఎప్పుడు పనిచేస్తుందో దానికే తెలియదు. అప్పటికి నేను నర్సునై పదకొండేళ్లు.

మాది ఉమ్రి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, నర్సింగ్ స్కూల్లో ఇంగ్లీషు, వార్డులోకి వస్తే అన్నీ కలిపి కొట్టడమే. ధర్మాబాద్ వైపు నుంచో బిలోలి వైపు నుంచో తెలుగు మాట్లాడే రోగి వస్తే ఏ అంతస్తులో ఉన్నా నన్నే పిలిచేవారు. ఆ పిలుపు నాకు కొంచెం తలకెక్కింది. దాచడమెందుకు, బాగానే ఎక్కింది.

మా మత్తు డాక్టర్‌ది ఒడిశా. ఇక్కడికి వచ్చి ఆరేళ్లయినా ఆయనకు మరాఠీ ఒంటబట్టలేదు, తెలుగు అసలే రాదు, హిందీ మాట్లాడితే రోగులు అయోమయంగా నా మొహం చూసేవారు. అందుకని ఆయన ఇంగ్లీషులో అడిగేవాడు, నేను మనవాళ్ల మాటలో చెప్పేదాన్ని, వాళ్లన్నది మళ్లీ ఇంగ్లీషులో పెట్టి ఆయనకు అందించేదాన్ని. మనిషి మంచివాడే, కానీ చాదస్తం. ప్రశ్నలో క్రియ ఏ కాలంలో ఉందో పట్టిపట్టి చూసేవాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. రోగి నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఈయన వ్యాకరణ పాఠమేమిటని.

ఒక బడి మాస్టారితో నాకు బుద్ధి వచ్చింది. ఆయన హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. బీపీ గోలీ వేసుకుంటారా అని అడిగితే "రోజూ ఏస్కుంట" అన్నాడు. నేను డాక్టర్‌కు "యెస్ సర్" అని చెప్పాను. ఆయన ఊరుకోలేదు. "డూ యూ టేక్" అని అడిగావా, "హావ్ యూ టేకెన్" అని అడిగావా అన్నాడు. మళ్లీ వెళ్లి అడిగాను. మాస్టారు ఎనిమిదేళ్లుగా రోజూ వేసుకుంటాడు, నిజమే, కానీ ఆ రోజు పరగడుపున ఉండాలన్నారని గోలీ కూడా మానేశాడు. కొలిస్తే బీపీ ఎక్కడికో వెళ్లి కూర్చుంది.

ఆ రోజు డాక్టర్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "డూ యూ టేక్" అంటే మనిషి తన అలవాటు చెప్తాడు. "డిడ్ యూ టేక్" అంటే ఎప్పుడో గడిచిపోయిన ఒక పూట సంగతి చెప్తాడు. "హావ్ యూ టేకెన్" అంటేనే ఈ క్షణాన ఆ మందు ఒంట్లో ఉందో లేదో తెలుస్తుంది. మత్తిచ్చేవాడికి కావాల్సింది ఆ మూడోదే. మన మాటలో చివరి రెండింటికీ "ఏస్కున్నరా" ఒక్కటే సరిపోతుంది కాబట్టి "ఇయ్యాల్టిది ఏస్కున్నరా" అని ఒక మాట చేర్చి అడగడం నేర్చుకున్నాను. తాగుడు, పొగ, పాత జబ్బులు, నెలసరి, తిండి, అన్నింటికీ ప్రశ్నలు ఇలా కాలాలవారీగా ఒక చిన్న నోట్‌బుక్కులో రాసుకుని ఏప్రాన్ జేబులో పెట్టుకుని తిరిగేదాన్ని. కొత్తగా చేరిన నర్సమ్మాయిలకు అందులోంచి పాఠం కూడా చెప్పేదాన్ని. నా కంటే పండితురాలు జిల్లాలో లేదనుకునే రోజులు అవి.

అప్పుడు వచ్చింది సాయవ్వ. వయసు యాభైకి అటూ ఇటూ. తెలంగాణ హద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. సొంత భూమి లేదు, మొగుడూ పెళ్లాలు పత్తి ఏరడానికీ సోయా కోయడానికీ కూలికి పోతారు. పిత్తాశయంలో రాళ్లు. నెలకోసారి కడుపులో పోటు వచ్చి చేల గట్ల మీద పడి దొర్లేదట. కెమెరా పెట్టి చిన్న రంధ్రాల్లోంచి తీసే ఆపరేషన్, దానికి పూర్తి మత్తు ఇవ్వాలి. మంగళవారం పొద్దున పదింటికి రాశారు.

ఆమెకు ఆపరేషనంటే భయం లేదు, మత్తంటేనే భయం. మత్తు సూది పడ్డాక కొందరు లేవనే లేవరని ఊళ్లో ఎవరో చెవిన వేశారు. సోమవారం చేరినప్పటి నుంచి కనబడ్డవాళ్లందరినీ అదే అడిగింది. ఊడ్చే ఆమెను, లిఫ్టు అతన్ని, సర్జన్‌ను కూడా వదల్లేదు. ఆమె భర్త ఎల్లయ్య ఉలుకూ పలుకూ లేని మనిషి, ఆమె చెప్పులు ప్లాస్టిక్ సంచిలో వేసి చేతిలో పట్టుకుని మంచం పక్కన నిలబడేవాడు. నేను తెలుగులో మాట్లాడేసరికి సాయవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నువ్వు మనోళ్ల పిల్లవే. నిజం చెప్పు. మత్తిస్తే మల్ల లేస్తనా?"

"లేవకేమైతవు పెద్దమ్మా. లేసి నన్నే తిడ్తవ్ సూడు" అన్నాను. పక్క బెడ్డు మీదున్న మరాఠీ ఆమె కూడా నవ్వింది. ఆమె పేరు నాకిప్పుడు గుర్తు లేదు, వార్డంతా ఆమెను మావశీ అనేవారు, అంటే పిన్ని. కాలి పుండుకు కట్లు కట్టించుకుంటూ పది రోజులుగా ఉంది, వచ్చినవాళ్లందరికీ పెద్ద దిక్కులా మాట్లాడేది.

ఆ సాయంత్రం సాయవ్వకు చెప్పాల్సింది చెప్పాను. రాత్రి పది తర్వాత ఎన్.పీ.ఓ., అంటే నోటి ద్వారా ఏదీ పోకూడదు. మత్తులో మనిషికి మింగే శక్తి, దగ్గే శక్తి రెండూ పోతాయి. కడుపులో ఏమైనా ఉంటే పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లో పడుతుంది. దాన్ని ఆస్పిరేషన్ అంటారు, ప్రాణాలు తీసే సంగతి. ఇదంతా రోగికి చెప్పి భయపెట్టం కదా. అందరికీ చెప్పే ఒక్క ముక్కే ఆమెకూ చెప్పాను, పదింటి తర్వాత ఏం తినద్దని. ఆమె బుద్ధిగా తల ఊపింది.

మంగళవారం నాకు ఉపవాసం. మా అమ్మ మాహూర్ రేణుకమ్మకు ఉపవాసం ఉంటుంది, ఆమెను చూసి నాకూ చిన్నప్పటి నుంచి అలవాటు. ఎనిమిదిన్నరకు మత్తు డాక్టర్ రౌండుకు వచ్చాడు. వార్డులో ఒక అమ్మాయి అంతకు ముందు వారం తినకుండా డ్యూటీకి వచ్చి కళ్లు తిరిగి పడిపోయింది, అప్పటి నుంచి ఆయన కనబడిన నర్సునల్లా అడిగేవాడు. నన్నూ అడిగాడు.

"హావ్ యూ ఈటెన్, సిస్టర్?"

"నో సర్. ఐ యామ్ ఫాస్టింగ్ టుడే."

వాక్యం ఒప్పుగా వచ్చిందని ఆయన మొహం వెలిగింది. పక్కనున్న అమ్మాయిలకు నన్ను చూపించి, చూశారా, అలవాటు గురించి కాకుండా ఈ రోజు గురించి ఎంత కచ్చితంగా చెప్పిందో అన్నాడు. నేను మురిసిపోయాను.

ఆ మురిపెంతోనే సాయవ్వ మంచం దగ్గరికి నడిచాను. చేతిలో ప్రీ-ఆప్ చెక్‌లిస్ట్, అంటే ఆపరేషన్‌కు ముందు ఒక్కొక్కటీ అడిగి టిక్కు పెట్టాల్సిన కాగితం. నగలు తీశారా, కట్టుడు పళ్లున్నాయా, మూత్రానికి వెళ్లారా, అన్నీ అయ్యాయి. తిండి దగ్గరికి వచ్చేసరికి డాక్టర్ ఇంగ్లీషులో అడిగాడు, నేను తెలుగు చేశాను. ఎంత జాగ్రత్తగా చేశానో ఇప్పటికీ గుర్తుంది. "రోజు తింటవా" అని కాదు, "రాత్రి తిన్నవా" అని కాదు.

"పెద్దమ్మా, ఇయ్యాల పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

"లేదు బిడ్డా. ఒక్కపొద్దున్న. మంగళారం గద, ఆపరేషన్ మంచిగ గావాలని మాహూరమ్మకు మొక్కుకున్న."

నాకు ముచ్చటేసింది. నాకున్న వ్రతమే ఆమెకూ ఉందని చెప్పి ఆమె చెయ్యి నొక్కాను. డాక్టర్‌కు "షీ హాజ్ నాట్ ఈటెన్ ఎనీథింగ్, సర్. షీ ఈజ్ ఫాస్టింగ్" అన్నాను. ఆయన తల పంకించాడు. కాగితం మీద టిక్కు పెట్టి కింద సంతకం చేశాను. సంతకం కూడా ఆ రోజు అందంగా వచ్చింది.

తొమ్మిదీ నలభైకి ట్రాలీ పైకి పోయింది. ఎల్లయ్య చెప్పుల సంచితో లిఫ్టు దాకా నడిచి అక్కడే ఆగిపోయాడు. నేను తిరిగొచ్చి మంచం దుప్పటి మారుస్తుంటే మావశీ పిలిచింది. సాయవ్వ లాకర్లో తన స్టీలు డబ్బా ఉంది, ఇటివ్వమంది. ఇస్తూ ఊరికే అడిగాను, మీ డబ్బా అటెట్లా పోయిందని. మావశీ మరాఠీలో చల్లగా చెప్పింది. పొద్దున ఏడింటికి తన కోడలు ఇంటి నుంచి సాబుదాణా ఖిచిడీ, అంటే పల్లీలేసి వండిన సగ్గుబియ్యం, తెచ్చిందట. పక్కావిడకూ ఉపాసమే కదా, ఖాళీ కడుపుతో కోతకు ఎలా పోతుంది పాపమని డబ్బాడు పెట్టిందట. సాయవ్వ మొహమాటపడితే తనే బలవంతం చేసి మొత్తం తినిపించిందట. పైన ఒక అరటిపండు, పాలు బాగా పోసిన చాయ్.

డబ్బా మూత తీశాను. అడుగున నాలుగు సగ్గుబియ్యం గింజలు, ఒక పల్లీ బద్ద, పచ్చిమిరప తొక్క. ఏడింటికి తిన్నది. ఇప్పుడు పది కావస్తోంది.

ఎలా పరిగెత్తానో నాకు గుర్తు లేదు. లిఫ్టు నాలుగో అంతస్తులోనే ఉంది, దాన్ని నమ్ముకోకుండా మెట్లెక్కాను. థియేటర్ తలుపు దగ్గర బయటి చెప్పులు విప్పి లోపలి చెప్పులు వేసుకోవాలి, మాస్కు కట్టుకోవాలి. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా తప్పని ఆ నియమం ఆ రోజు తప్పి, ఒట్టి కాళ్లతో, డబ్బా చేతిలో పట్టుకునే లోపలికి వెళ్లాను. మత్తు డాక్టర్ ఆమె తల దగ్గర ఉన్నాడు. పాలలా తెల్లగా ఉండే ఆ మత్తు మందు సిరంజీ అప్పటికే ఖాళీ. ఇండక్షన్ అయిపోయింది, అంటే మనిషి స్పృహ దాటిపోయింది. మాస్కు పెట్టి గాలి అందిస్తున్నాడు.

"సర్, షీ హాజ్ ఈటెన్!" అని అరిచాను.

ఆయన తలెత్తలేదు. ఏం తిన్నది, ఎప్పుడు, ఎంత, మూడే అడిగాడు. డబ్బా ఎత్తి చూపించి చెప్పాను. ఆ తర్వాత ఆయన గొంతులో కోపం లేదు, తొందర మాత్రమే ఉంది. టేబుల్ తల వైపు దించమన్నాడు. థియేటర్ సిస్టర్‌ను గొంతు ముందున్న మెత్తటి ఎముక నొక్కి పట్టుకోమన్నాడు, వెనకున్న ఆహారనాళం మూసుకుని కడుపులోది పైకి రాకుండా. కానీ అప్పటికే వచ్చింది. సక్షన్ పైపు, అంటే లోపలున్నది పీల్చి తీసే గొట్టం, నోట్లో పెట్టగానే గరగరమని చప్పుడైంది. పారదర్శకంగా ఉండే ఆ గొట్టంలోంచి తెల్లటి గింజలు ఒకదాని వెనుక ఒకటి పోయాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె దిగుతోంది. అది దిగేకొద్దీ దాని చప్పుడు కూడా బొంగురుపోతుంది, ఈ పనిలో ఉన్నవాళ్లకు ఆ చప్పుడు చాలు. తొంభై, ఎనభై నాలుగు, డెబ్భై తొమ్మిది. సర్జన్ చేతులకు గ్లవ్స్‌తో ఒక మూల నిలబడి ఉన్నాడు.

శ్వాసనాళంలోకి ట్యూబు దిగింది. అంకె కాసేపు అక్కడే ఆగి, మెల్లగా పైకి లేచింది. ఊపిరితిత్తుల్లోకి కొంత పోయిందని, ఎంత పోయిందో ఇప్పుడే చెప్పలేమని డాక్టర్ అన్నాడు. ఆపరేషన్ ఆపేశారు. సాయవ్వను గొట్టాలతోనే ఐసీయూకు తరలించారు.

కిందికి వస్తే లిఫ్టు దగ్గర ఎల్లయ్య. అయిపోయిందా బిడ్డా అని అడిగాడు. ఆపరేషన్ ఇంకా కాలేదని, ఊపిరి సరిగ్గా ఆడక ఐసీయూలో పెట్టారని చెప్పాను. లేస్తదా అని అడిగాడు. ముందు రోజు ఆ ప్రశ్నకు ఎంత సులువుగా నవ్వానో గుర్తొచ్చింది. డాక్టర్లు చూస్తున్నారని మాత్రం అనగలిగాను. ఆయన పైకి వెళ్లి ఐసీయూ తలుపు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, సంచి ఒళ్లో పెట్టుకుని. నేను వార్డులో ఎవరికి ఏ సూది వేశానో, ఎవరికి ఏ కట్టు మార్చానో నాకే తెలియకుండా తిరిగాను. పది నిమిషాలకోసారి ఏదో వంకతో పైకి పోయి అద్దంలోంచి చూసి వచ్చేదాన్ని. ఆ తల్లి ఛాతీ యంత్రం లెక్క ప్రకారం లేస్తోంది, పడుతోంది. రేణుకమ్మా, ఆమె నీకోసం కదా ఒక్కపొద్దున్నది అని మనసులో దేవతతో పోట్లాడాను.

మూడింటికి డాక్టర్ల గదికి పిలిచారు. మత్తు డాక్టర్ ముందర సాయవ్వ ఫైలు తెరిచి ఉంది. అందులో నేను టిక్కు పెట్టిన కాగితం. సర్జన్ చిరాకుగా ఉన్నాడు. ఈ పల్లెటూరివాళ్లింతే, అడిగితే ఒకటి చెప్తారు, చేసేది ఇంకొకటి అన్నాడు. రోగి తప్పుడు సమాచారం ఇచ్చిందని ఫైల్లో రాసేయమన్నాడు. భర్తను పిలిచి ఆయనతోనూ సంతకం పెట్టించాలన్నాడు. ఎల్లయ్యను పిలిచారు. హిందీలో చెప్పిన విషయం ఆయనకు సగమే అర్థమైంది, ఆ సగానికే మొహం నల్లబడింది. నావైపు తిరిగాడు.

"అది అబద్ధమాడదు బిడ్డా. గీ ముప్పై ఏండ్ల నా కాడ ఒక్క అబద్ధమాడలె. తింటె తిన్ననంటది."

ఇక్కడ నా సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ముందు నా లెక్కే నేను చూసుకున్నాను. ఆ ఒక్క వాక్యం ఫైల్లో పడితే నేను బయటపడతాను. నేను సరిగ్గానే అడిగాను, ఆమె లేదంది, సాక్షిగా డాక్టరే ఉన్నాడు. క్రియ ఒప్పు, కాలం ఒప్పు, సంతకం ఒప్పు. మత్తు డాక్టర్ పెన్ను మూత తీశాడు. నాకు ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఈ ఉద్యోగం మీదే బతుకు, అవన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఎల్లయ్య ఇంకా నన్నే చూస్తున్నాడు, నేనేదో చెప్పి సరిదిద్దుతానని. ఆ నమ్మకం భరించడం నావల్ల కాలేదు.

"సర్" అన్నాను. "పొద్దున మీరు నన్ను కూడా అడిగారు. తిన్నావా అని."

ఆయనకు అర్థం కాలేదు. అవును, తినలేదన్నావు, ఉపవాసమన్నావు అన్నాడు.

"నేనూ తిన్నాను సర్. ఏడింటికి. మా అమ్మ సాబుదాణా చేసింది, పల్లీలేసి, నెయ్యి వేసి. ప్లేటు నిండా తిన్నాను. రెండుసార్లు చాయ్ కూడా తాగాను. మీతో అబద్ధం చెప్పలేదు సర్. నిజంగానే తినలేదనుకున్నాను."

మా వైపు ఉపవాసమంటే అన్నం, రొట్టె ముట్టకూడదు. సాబుదాణా, ఆలుగడ్డ, పల్లీలు, అరటిపండు, పాలు, ఇవన్నీ ఉపవాసపు వస్తువులు. అవి ఎంత తిన్నా తిన్నట్టు లెక్క కాదు. మరాఠీ ఇళ్లలో ఇంతే, వాళ్లతో కలిసి బతికే మా తెలుగు ఇళ్లలోనూ ఇంతే. సాయవ్వకు నేనేం చెప్పాను? తినద్దన్నాను. ఆమె తినలేదు. అలాగే అడిగాను, అలాగే జవాబు చెప్పింది. ఆమె ఇల్లూ నా ఇల్లూ ఒక్కటేనని ఆ పొద్దునే ఆమె చెయ్యి నొక్కి మురిసినదాన్ని, ఒక్క మాట ఎక్కువ అడగలేకపోయాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా పొద్దుటి ప్లేటు మర్చిపోయి నోట్‌బుక్కులో ఇంగ్లీషు కాలాలు వెతుక్కున్నాను.

డాక్టర్ పెన్ను కింద పెట్టి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిన్ను పొద్దున మెచ్చుకున్నాను కూడా కదా అన్నాడు. ఎగతాళి కాదు, ఆయన తనకు తానే చెప్పుకున్నాడు. ప్రశ్న తనది కూడా అన్నాడు. తర్వాత ఫైల్లో రాశాడు, రోగి తనకు తెలిసిన నిజమే చెప్పిందని, తాము అడిగిన తీరు చాలలేదని. సర్జన్ విసురుగా లేచి వెళ్లిపోయాడు. నాకు ఆ సాయంత్రమే మెమో ఇచ్చారు, వివరణ రాసివ్వమని. రాసిచ్చాను. ఎల్లయ్యకు తెలుగులో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, నా టిక్కు సంగతి కూడా. ఆయన విని, అయితే అది అబద్ధమాడలేదన్నట్టే కదా అన్నాడు. ఆ మనిషికి కావాల్సింది అదొక్కటే.

మరునాడు పొద్దున ట్యూబు తీశారు. ఇంకో మూడు రోజులు ఆక్సిజన్ మీదుంది, జ్వరం వచ్చింది, దగ్గితే ప్రాణం పోయేంత నొప్పి. నాలుగో రోజు మనిషి కొంచెం తేరుకున్నాక పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బొంగురు గొంతుతో అడిగింది.

"ఉపాసముల తిన్నది తిన్నట్టా బిడ్డా?"

దేవతకు కాదు పెద్దమ్మా, మత్తుకు మాత్రం తిన్నట్టే అన్నాను. ఆమెకు తన ప్రాణం కంటే వ్రతం చెడిందేమోనన్న దిగులే ఎక్కువగా ఉంది. నేనూ అదే తిని అదే మాట చెప్పానని అప్పుడు చెప్పాను. లేచి నన్ను తిడతావన్నాను కదా, తిట్టు అన్నాను. తిట్టలేదు. నా తల నిమిరి, నువ్వు సుత గంతేనా అంది. తిట్టినా బాగుండేదేమో, ఆ చెయ్యి తగలగానే ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆ తర్వాత మా వార్డులో ఆ చెక్‌లిస్ట్ మారింది. తిండి దగ్గర టిక్కు పెట్టే గడి తీసేసి నాలుగు ఖాళీ గీతలు పెట్టారు. నేను "తిన్నవా" అన్న మాటే మానేశాను. నిన్న రాత్రి నుంచి ఇప్పటిదాకా నోట్లోకి ఏమేం పోయిందో వరసగా చెప్పమంటాను, మంగళవారమా, ఏకాదశా, రంజాన్ రోజానా అని కూడా అడుగుతాను. అలా అడిగితే ఏమేం బయటపడతాయో చెప్తే నమ్మరు. ఆసుపత్రికి వచ్చే దారిలో గుడి దగ్గర పెట్టిన ప్రసాదం, పంటి నొప్పికి బుగ్గన పెట్టుకున్న తంబాకు, చంటిపిల్లకు తినిపిస్తూ రుచి చూసిన ముద్ద. ఇవేవీ తిన్నట్టు కాదు కదా, ఎవరు చెప్తారు? కాలాలు నేర్పినందుకు మా డాక్టర్‌కు ఇప్పటికీ దండం పెడతాను, అవి కావాలి. కానీ క్రియను ఎంత సరిగ్గా నిలబెట్టినా, అవతలి మనిషి ఇంట్లో ఆ క్రియ కిందికి ఏమేం వస్తాయో, ఏవి రావో తెలియకపోతే మన ప్రశ్న గాల్లోకి పోయినట్టే. ఇది నాకు ఒక మనిషి ఊపిరితిత్తుల ఖర్చుతో తెలిసింది.

నెల తిరిగాక సాయవ్వకు మళ్లీ ఆపరేషన్ రాశారు. ఈసారి గురువారం. నేనే వెళ్లి అడగాలని పట్టుబట్టాను. కాగితం తీసుకుని మంచం దగ్గరికి వెళ్లేసరికి, నేను నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది. నిన్న ఏడింటికి రెండు జొన్న రొట్టెలు, పప్పు. ఎనిమిదింటికి ఒక గ్లాసు మంచినీళ్లు. పక్క బెడ్డామె బిస్కెట్ ఇస్తే ఎల్లయ్యకు ఇచ్చేసింది, కావాలంటే ఆయన్ను అడగమంది. ఎల్లయ్య సంచి పట్టుకునే తల ఊపాడు. నేను రాస్తూ ఉన్నాను. అంతా అయిపోయిందనుకుని పెన్ను మూత పెట్టబోతుంటే సాయవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు బిడ్డా. పొద్దుగాల పండ్లు తోముకుంటుంటె గుటికెడు నీళ్లు లోపటికి పోయినట్టున్నయ్. పోయినయో లేదో పక్కా ఎర్కలేదు. గది సుత రాస్కో."

నాలుగో గీత మీద ఆమె అన్నది అన్నట్టే రాసుకున్నాను.